నెమలి తోక చెప్పిన చరిత్ర – రాబర్ట్ కాల్డ్‌వెల్

బెంగళూరులో మన పిల్లలు ఇంట్లో నెమలి అంటారు. వీధిలో నవిలు అని, తమిళ స్నేహితుల నోట మయిల్ అని వింటారు. తెలుగు, కన్నడ, తమిళం ఒకే కుటుంబపు భాషలని 1816లోనే ఎల్లిస్ గుర్తించారు. ఆ విషయాన్ని విస్తారమైన ఆధారాలతో గ్రంథంగా రాసినవారు రాబర్ట్ కాల్డ్‌వెల్. ఆయన జీవితాన్ని, ఆయన పరిశీలించిన ఒక హీబ్రూ పక్షి పేరును ఈసారి పరిచయం చేస్తున్నాం.

కాల్డ్‌వెల్ 1814 మే 7న ఐర్లండ్‌లోని క్లేడీలో జన్మించారు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో గ్రీకు పాఠాలు వింటూ భాషలను పోల్చి చదవడంపై మక్కువ పెంచుకున్నారు. క్రైస్తవ మత ప్రచారకులుగా 1838 జనవరిలో మద్రాసు చేరారు. ఆ ఓడ ప్రయాణంలోనే మన సి.పి. బ్రౌన్‌తో పరిచయమైంది. 1841లో తిరునెల్వేలి ప్రాంతానికి కాలినడకన వెళ్లి, ఇడైయన్‌గుడి అనే పల్లెలో స్థిరపడ్డారు. 1856లో లండన్‌లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించారు.

ఆ గ్రంథంలోనే హీబ్రూ మాట ప్రస్తావన వస్తుంది. సొలొమోను రాజు ఓడలు మూడేళ్లకొకసారి బంగారం, వెండి, ఏనుగు దంతాలు, కోతులతోపాటు తుక్కియ్యీం తెచ్చేవని బైబిల్‌లోని రాజుల మొదటి గ్రంథం చెబుతుంది. చివరి ఈం మన 'లు' వంటి బహువచన ప్రత్యయం, ఏకవచనం తుక్కి. దీన్ని నెమళ్లు అని అనువదించారు. తమిళంలో తోగై అంటే నెమలి పింఛం. పాత కవిత్వంలో నెమలి కూడా. తెలుగులో తోక, కన్నడంలో తోకె దాని తోబుట్టువులే. దక్షిణ భారత తీరం నుంచి పక్షితోపాటు పేరు కూడా ఓడ ఎక్కిందని, లిఖిత గ్రంథాల్లో దొరికే అతి పాత ద్రావిడ పదం బహుశా ఇదేనని కాల్డ్‌వెల్ భావించారు.

పండితులందరూ దీన్ని ఒప్పుకోలేదు. అది ఒక రకం కోతి పేరని కొందరంటారు. నేటి హీబ్రూలో తుక్కి అంటే చిలుక; నెమలిని తవస్ అంటారు. అర్థం తెలియకుండా వల్లించేవారిని తుక్కితో పోలుస్తారు. మన చిలకపలుకుల్లాగే!

ఒక్క పోలికతో చుట్టరికం తేలదు. పోలిక క్రమంగా కనిపించాలి. చెవికి కన్నడంలో కివి, చేతికి కై, చెరువుకు కెరె. మన చకారం ఉన్నచోట అక్కడ కకారం ఉంది. కాల్డ్‌వెల్ వెదికింది ఇలాంటి క్రమాన్నే.

ఆయన 1877లో బిషప్ అయ్యారు. 1891 ఆగస్టు 28న కొడైకానల్‌లో మరణించారు. ఇడైయన్‌గుడి చర్చిలోనే సమాధి చేశారు. చెన్నై మెరీనా తీరంలో ఆయన విగ్రహం ఉంది.

ఇంటి భాష బయట పనికిరాదని చిన్నబుచ్చుకునే పిల్లలు మన బడుల్లో ఉన్నారు. తోక వంటి చిన్న మాట కూడా ఒక పండితునికి వేల ఏళ్ల వెనక్కి దారి చూపిందని వారికి చెబుదాం. తెలుగు, కన్నడ, తమిళ పదాలను మూడు వరుసల్లో రాయించడం రేపే మొదలుపెట్టవచ్చు.