యూజీన్ స్టోనర్

యూజీన్ మారిసన్ స్టోనర్ (నవంబరు 22, 1922 – ఏప్రిల్ 24, 1997) అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెందిన ప్రముఖ ఆయుధ రూపకర్త. ఏఆర్-10, ఏఆర్-15 తుపాకులు ఇతని సృష్టి. ఏఆర్-15 నుండే అమెరికా సైన్యము వారి ఎం-16 రైఫిలు, తరువాతి కాలములో పొట్టి గొట్టముతో వచ్చిన ఎం-4 కార్బైను పుట్టినవి. ఇరవయ్యవ శతాబ్దపు తుపాకుల చరిత్రలో రష్యాకు చెందిన మిఖాయిల్ కలష్నికోవ్ పేరు ప్రక్కన నిలిచే పేరు ఇతనిదే. అయితే కలష్నికోవ్ పేరు తుపాకికే పెట్టబడి లోకమంతా తెలిసింది. స్టోనర్ పేరు ఆ రంగములోని వారికి తప్ప ఎక్కువ మందికి తెలియదు.

బాల్యము, తొలి ఉద్యోగములు

స్టోనర్ ఇండియానా రాష్ట్రములోని గాస్పోర్ట్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. కుటుంబము కాలిఫోర్నియాకు తరలిపోగా లాంగ్ బీచ్‌లో ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేశాడు. ఇంజనీరింగు పట్టా పొందలేదు. వేగా విమాన సంస్థలో విమానములకు ఆయుధములు అమర్చే పనిలో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధములో మెరైన్ దళములో చేరి, విమానముల ఆయుధ విభాగములో దక్షిణ పసిఫిక్ ప్రాంతములోను, ఉత్తర చైనాలోను పనిచేశాడు. యుద్ధానంతరము విట్టేకర్ అనే విమాన పరికరముల సంస్థలో యంత్రశాల పనివాడుగా చేరి, రూపకల్పన ఇంజనీరు స్థాయికి ఎదిగాడు. విమాన పరిశ్రమలో బరువు తగ్గించడమే ప్రధానమైన విద్య. అల్యూమినియము మిశ్రమ లోహములు, గాజునార వంటి క్రొత్త పదార్థములు ఇతనికి అక్కడే చేతికి అలవాటయ్యాయి. అప్పటి తుపాకుల పరిశ్రమ ఇంకా ఉక్కును, వాల్‌నట్ కర్రను నమ్ముకొని ఉండేది.

ఆర్మలైట్ సంస్థలో

1954లో స్టోనర్ ఆర్మలైట్ అనే చిన్న సంస్థలో ముఖ్య ఇంజనీరుగా చేరాడు. ఇది హాలీవుడ్‌లో ఉండేది. ఫెయిర్‌చైల్డ్ విమాన సంస్థకు అనుబంధము. 1950ల మధ్యలో ఇతడు రూపొందించిన ఏఆర్-10 రైఫిలు 7.62 మి.మీ. నాటో తూటాను వాడేది. తూటా పేలినపుడు పుట్టే వాయువును సన్నని గొట్టము ద్వారా వెనుకకు తెచ్చి, బోల్టును మోసే భాగము లోపలికే పంపి, దాని ఒత్తిడితో తుపాకిని నడిపించడము ఇందులోని ముఖ్య విశేషము. దీనిపై 1956లో దరఖాస్తు చేయగా 1960లో పేటెంటు లభించింది. సాధారణముగా ఇటువంటి తుపాకులలో గొట్టము ప్రక్కన బరువైన పిస్టను కడ్డీ ఒకటి కదులుతూ ఉంటుంది. ఇక్కడ అది లేదు. కనుక కాల్చే సమయములో గొట్టము తక్కువగా కదులుతుంది, గురి చెదరదు. తుపాకి మడమ గొట్టముతో ఒకే సరళరేఖలో ఉండుట వలన మూతి పైకి ఎగురుట కూడ తగ్గింది. ఈ పద్ధతిలో మసి, వేడి తుపాకి లోపలికే చేరుతాయి. ఈ లోపమే తరువాత పెద్ద కథకు కారణమయింది.

1957 ఆరంభములో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో జరిగిన పరీక్షలలో ఏఆర్-10 గొట్టము పగిలిపోయింది. బరువు తగ్గించడానికి అల్యూమినియమును, ఉక్కును కలిపి చేసిన గొట్టమది. స్టోనర్ వద్దన్నా, సంస్థ అధిపతి జార్జి సల్లివాన్ పట్టుబట్టి దానిని పరీక్షకు పంపించాడు. ఆ ఏడాది మే నెలలో సైన్యము ఎం-14 రైఫిలును ఎంచుకొన్నది.

చిన్న తూటా ఎంపిక

1957లోనే జనరల్ విల్లార్డ్ వైమన్ ఏఆర్-10ను చూసి, అదే పద్ధతిలో చిన్న తూటాను వాడే తేలిక తుపాకిని తయారు చేయమని ఆర్మలైట్‌ను కోరాడు. 500 గజముల దూరములో ఉక్కు శిరస్త్రాణమును ఛేదించాలన్నది ఆయన పెట్టిన నిబంధన. ఏఆర్-10ను చిన్నదిగా మార్చే పనిని జిమ్ సల్లివాన్, రాబర్ట్ ఫ్రీమాంట్ చేపట్టారు. తూటా సంగతి స్టోనర్ తానే చూసుకొన్నాడు. అప్పటికే వేటగాండ్రు వాడుతున్న 222 రెమింగ్టన్ తూటా చాలినంత వేగము ఇవ్వలేదు. దాని ఇత్తడి తొడుగును పొడిగించి, మందు ఎక్కువ పట్టేటట్లు చేశారు. ఇదే తరువాత 223 రెమింగ్టన్ అనే పేరుతో స్థిరపడింది. ఇందులోని గుండు బరువు 55 గ్రెయినులు, అనగా సుమారు 3.56 గ్రాములు. మన లెక్కలో తులములో మూడవ వంతు కూడ లేదు. నాటో 7.62 తూటా గుండు దీనికి రెండున్నర రెట్లకు పైగా బరువు. అయితే చిన్న గుండు సెకనుకు సుమారు 3,250 అడుగుల వేగముతో వెడలుతుంది. తూటా తేలిక కనుక అదే బరువులో సైనికుడు ఎక్కువ తూటాలు మోయగలడు. వెనుక తన్ను తక్కువ కనుక గురి త్వరగా కుదురుతుంది.

1958 చివరలో అలాస్కాలోని ఫోర్ట్ గ్రీలీలో చలి పరీక్షలు జరిగినవి. గురి కుదరడము లేదని కబురు రాగా స్టోనర్ స్వయముగా అక్కడకు వెళ్ళాడు. కొన్ని తుపాకులకు ముందరి గురి చూపు సరైన మేకులతో బిగించబడక వదులుగా కదులుతూ ఉండడము గమనించాడు. అతడు వాటిని సరిచేశాడు గాని, సైనిక వర్గములలో తుపాకిపై పడిన అపకీర్తి వెంటనే పోలేదు. 1959 ఆరంభములో ఆర్థిక ఇబ్బందులలో ఉన్న ఫెయిర్‌చైల్డ్ ఈ తుపాకి హక్కులను 75,000 డాలర్లకు, 4.5 శాతము రాయల్టీకి కోల్ట్ సంస్థకు అమ్మివేసింది. స్టోనర్ 1961లో ఆర్మలైట్‌ను విడిచి కోల్ట్‌కు సలహాదారుగా పనిచేశాడు. 1962లో వెయ్యి రైఫిళ్ళు పరీక్ష కొరకు వియత్నాముకు వెళ్ళాయి. వచ్చిన నివేదికలు ప్రశంసలతో నిండి ఉన్నాయి. 1963లో సైన్యము 85,000, వైమానిక దళము 19,000 రైఫిళ్ళకు ఆర్డరు ఇచ్చాయి.

గొట్టము మెలిక

గొట్టము లోపల చెక్కిన మెలిక గాడులు గుండును బొంగరము వలె త్రిప్పుతాయి. వేగముగా తిరిగే బొంగరము నిటారుగా నిలుస్తుంది, నెమ్మదిగా తిరిగేది తూలుతుంది. గుండు సంగతీ అంతే. స్టోనర్ తుపాకిలో మొదట 14 అంగుళములకు ఒక చుట్టు మెలిక ఉండేది. గడ్డకట్టే చలిలో గాలి చిక్కబడుతుంది కనుక ఆ మెలిక చాలక గుండు తూలుతున్నదని తేలింది. 1963లో దానిని 12 అంగుళములకు ఒక చుట్టుగా మార్చారు. ఈ సూత్రమే తరువాతి తూటాలకూ వర్తించింది. 1980లో నాటో దేశములు బెల్జియము వారి 62 గ్రెయినుల ఉక్కు మొన గుండును స్వీకరించాయి. పొడుగు గుండుకు ఇంకా వేగముగా తిప్పు కావాలి. దానికి 9 అంగుళముల మెలిక సరిపోయేదే. కాని దానితో పాటు వాడే మరింత పొడవైన వెలుగు గుండు కొరకు ఎం-16ఏ2లో 7 అంగుళముల మెలిక పెట్టారు. తూటాను ముందు నిర్ణయించి, దానికి తగిన గొట్టమును తరువాత చేయవలెనని స్టోనర్ పద్ధతి. ఆ తరువాత ఎన్ని మార్పులు వచ్చినా ఆ వరుస మారలేదు.

మందు మార్పిడి వివాదము

స్టోనర్ జీవితములో అత్యంత బాధాకరమైన ఘట్టము ఇది. తుపాకిని అతడు డ్యూపాంట్ సంస్థ వారి ఐఎంఆర్ 4475 అనే మందుతో పరీక్షించి సరిచూసుకొన్నాడు. సైన్యము పెద్ద ఎత్తున తూటాలు కొనబోగా, నిర్ణీత వేగము, నిర్ణీత ఒత్తిడి రెండూ ఆ మందుతో నిలకడగా సాధించలేమని తయారీదారులు చెప్పారు. 1964లో దాని బదులు ఓలిన్ మాథీసన్ సంస్థ వారి గోళీ మందు, డబ్ల్యుసీ 846, ఆమోదించబడింది. రక్షణ శాఖ ప్రతినిధి స్టోనర్ అభిప్రాయము అడిగాడు. ఆ మందుతో తుపాకిని పరీక్షించలేదని, ఈ మార్పు తనకు సమ్మతము కాదని అతడు చెప్పాడు. అప్పటికే నిర్ణయము జరిగిపోయినదని తెలిసి అతడు కలవరపడ్డాడు. నిర్ణయము తరువాత సలహా అడగడము ఎందుకో బోధపడదు.

గోళీ మందు వలన వాయువు తుపాకి లోపలికి ఎక్కువ ఒత్తిడితో చేరింది. నిముషమునకు కాల్పుల సంఖ్య పెరిగింది. భాగములు అనుకొన్న దానికంటె వేగముగా కదిలి మొరాయించసాగాయి. మందులో కలిపిన కాల్షియం కార్బొనేటు వాయు గొట్టములో పేరుకొన్నది. దీనికి తోడు తూటా గదికి క్రోమియము పూత వేయలేదు. తేమ గల వియత్నాము వాతావరణములో గది తుప్పు పట్టి, కాలిన తొడుగు లోపలే ఇరుక్కుపోయేది. ఈ తుపాకికి శుభ్రము చేయవలసిన అవసరము అంతగా లేదన్న మాట ప్రచారమై, శుభ్రపరచే సామగ్రి కూడ సరిగా అందలేదు. 1966, 1967 సంవత్సరములలో, ఇరుక్కున్న తొడుగును తీసే ప్రయత్నములో ఉండగానే మరణించిన సైనికుల సంగతులు వారి ఇండ్లకు వ్రాసిన ఉత్తరముల ద్వారా అమెరికా ప్రజలకు తెలియసాగాయి.

1967లో ప్రతినిధుల సభ రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన విచారణ సంఘమును నియమించింది. స్టోనర్ దాని ముందు సాక్ష్యమిచ్చాడు. అక్టోబరులో వెలువడిన నివేదిక, మందు మార్పును ప్రధాన కారణముగా ఎత్తిచూపి, అధికారుల వ్యవహారము నేరపూరిత నిర్లక్ష్యమునకు దగ్గరగా ఉన్నదని తప్పుపట్టింది. తరువాత గదికి క్రోమియము పూత వేశారు, వెనుక అదురు తగ్గించే బఫరును మార్చారు, మందులో కాల్షియం కార్బొనేటు తగ్గించారు. 1960ల చివరలో ప్రసిద్ధ చిత్రకారుడు విల్ ఐస్నర్ చేత బొమ్మల కథ రూపములో ఒక నిర్వహణ పుస్తకము కూడ వేయించి సైనికులకు పంచిపెట్టారు. గోళీ మందును మాత్రము పూర్తిగా మానలేదు. తుపాకిని దానికి అనుగుణముగా మలచుకొన్నారు.

పొట్టి తుపాకులు, పౌరుల తుపాకి

కోల్ట్ సంస్థ వియత్నాము యుద్ధ కాలములోనే 10, 11.5 అంగుళముల గొట్టములతో కమాండో రకములను తయారు చేసింది. గొట్టము పొట్టిదైనకొలది మందు పూర్తిగా మండే వ్యవధి తగ్గి గుండు వేగము పడిపోతుంది, మూతి వద్ద మంట, మ్రోత పెరుగుతాయి. గొట్టము పొట్టిదైనంత మాత్రాన గురి చెడుతుందని చాలామంది అనుకొంటారు గాని అది సరి కాదు. పొట్టి గొట్టము బిగువుగా ఉంటుంది, దగ్గర దూరములో దాని గురి ఏమీ తీసిపోదు. తగ్గేది వేగము. స్టోనర్ చిన్న గుండు తన పనికి వేగము మీదనే ఆధారపడింది కనుక, వేగము తగ్గినకొలది దాని ప్రభావము గల దూరమూ తగ్గుతుంది. 1994లో సైన్యము స్వీకరించిన ఎం-4కు 14.5 అంగుళముల గొట్టము ఉన్నది. 2000ల మొదట్లో 77 గ్రెయినుల బరువైన గుండ్లు వాడుకలోకి రావడానికి దూరములో గురి, ప్రభావము రెండూ కావలసి రావడమే కారణము.

1964 నుండి కోల్ట్ సంస్థ ఏఆర్-15 పేరుతో, మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా మాత్రమే పేలే అర్ధస్వయంచాలక తుపాకిని పౌరులకు అమ్మింది. ఇక్కడ పాఠకులు గమనించవలసిన తేడా ఒకటి ఉన్నది. 223 రెమింగ్టన్ తూటా, సైనిక 5.56 తూటా కంటికి ఒకే విధముగా ఉంటాయి. సైనిక తుపాకి గదిలో గుండు ముందు భాగమున ఖాళీ ఎక్కువ. సైనిక తూటాను 223 గది గల తుపాకిలో కాల్చితే ఒత్తిడి ప్రమాదకరముగా పెరగవచ్చును.

తరువాతి జీవితము

కోల్ట్ తరువాత స్టోనర్ క్యాడిలాక్ గేజ్ సంస్థలో, రైఫిలుగాను, కార్బైనుగాను, మెషిన్ గన్ గాను మార్చుకోగలిగిన స్టోనర్ 63ను రూపొందించాడు. నౌకాదళపు సీల్ దళములు దానిని మెచ్చుకొన్నవి గాని పెద్ద ఎత్తున కొనుగోలు జరగలేదు. 1972లో ఒహాయో రాష్ట్రములోని పోర్ట్ క్లింటన్‌లో ఏరెస్ సంస్థను మరొకరితో కలిసి స్థాపించాడు. 1990లో ఫ్లోరిడాకు చెందిన నైట్స్ సంస్థలో చేరి ఎస్ఆర్-25 రూపొందించాడు. ఇది ఏఆర్-10కు క్రొత్త రూపు. పదిని, పదిహేనును కూడితే ఇరవై అయిదు, పేరు అలా వచ్చింది. గురికి ప్రసిద్ధి పొందిన ఈ తుపాకి 2000లో ఎంకే-11 పేరుతో నౌకాదళములో చేరింది. 2019లో భారత సైన్యము కొరకు ఆర్డరు ఇచ్చిన 72,400 సిగ్-716 రైఫిళ్ళు కూడ ఏఆర్ వంశమునకు చెందినవే. అయితే వాటిలో పిస్టను కడ్డీ ఉంటుంది, తూటా 7.62 మి.మీ.

1990 మే నెలలో స్టోనర్, కలష్నికోవ్ మొదటిసారి కలుసుకొన్నారు. స్మిత్‌సోనియన్ సంస్థ పక్షాన ఎడ్వర్డ్ ఎజెల్ ఆ సమావేశమును ఏర్పాటు చేశాడు. దుభాషి సహాయముతో మాట్లాడుకొన్న వారిద్దరూ ఒకరి తుపాకిని మరొకరు కాల్చి చూశారు. రాయల్టీల వలన స్టోనర్ ధనవంతుడయ్యాడు. కలష్నికోవ్‌కు తన తుపాకి అమ్మకములలో వాటా ఏమీ లేదు.

స్టోనర్ 1997 ఏప్రిల్ 24న ఫ్లోరిడాలోని పామ్ సిటీలో క్యాన్సరు వ్యాధితో మరణించాడు. వర్జీనియాలోని క్వాంటికో జాతీయ శ్మశానవాటికలో ఖననము చేయబడ్డాడు. 2016 జూన్‌లో ఒర్లాండో కాల్పుల అనంతరము ఇతని కుటుంబ సభ్యులు ఒక ప్రకటన చేశారు. స్టోనర్ ఈ తుపాకిని సైన్యము కొరకే రూపొందించాడని, ఇంటిలో ఎన్నడూ ఉంచుకోలేదని, ఇటువంటి హత్యాకాండలను చూసి ఉంటే ఎంతో కలత చెంది ఉండేవాడని వారు తెలిపారు. పౌరుల తుపాకి అమ్మకములు ఇతని జీవితకాలములోనే మూడు దశాబ్దములకు పైగా సాగాయి.