నాదమును విప్పి కూర్చిన హెల్మ్‌హోల్ట్జ్

ఒకే స్వరమును ఒకే శ్రుతిలో వీణమీదను, పిల్లనగ్రోవిమీదను పలికించినచో, కన్నులు మూసికొని వినువాడు సైతము ఇది వీణ, ఇది వేణువు అని తడబడక చెప్పగలడు. స్వర మొక్కటే, ఐనను ధ్వనిగుణము వేరు. ఈ భేదమునకు కారణమేమి? ఈ ప్రశ్నకు ప్రయోగపూర్వకముగా సమాధానము చెప్పి, నాదమును విడదీయుటయే గాక తిరిగి కూర్చి చూపిన శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్.

ఇతడు 1821వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన జర్మనీలో బెర్లిన్ నగరమునకు సమీపమున నున్న పోట్స్‌డాం పట్టణమున జన్మించెను. తండ్రి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు, ఆదాయము స్వల్పము. బాల్యమున హెర్మన్ తరచు జబ్బుపడుచుండెను. పాఠములను వల్లించుట వానికి కష్టము; భౌతికశాస్త్రమనిన ప్రాణము. తరగతిలో లాటిను పాఠము సాగుచుండగా, బల్లక్రింద కాగితముంచుకొని దుర్భిణిలో కాంతికిరణములు పోవు మార్గమును లెక్కకట్టుచుండెడివాడు.

ఆ శాస్త్రము చదివించుటకు తండ్రికి శక్తి చాలదయ్యెను. సైన్యమున ఎనిమిదేండ్లు వైద్యుడుగా పనిచేయుటకు సమ్మతించువారికి బెర్లినులోని సైనిక వైద్యసంస్థలో ఉచితముగా చదువు చెప్పుచుండిరి. హెల్మ్‌హోల్ట్జ్ ఆ నిబంధనకు ఒప్పుకొని 1838లో అందు చేరెను. వైద్యమును అభ్యసించుచునే భౌతికశాస్త్ర గ్రంథములను స్వయముగా చదువుకొనెను. పియానో వాయించుటను మాత్రము మానలేదు. సైనిక వైద్యుడుగా నుండగనే, 1847లో, శక్తి రూపము మారునే గాని నశింపదను సిద్ధాంతమును ప్రకటించెను. 1851లో కంటి లోపలి భాగమును చూచుటకు వీలగు పరికరమును నిర్మించి నేత్రవైద్యమునకు మహోపకారము చేసెను. పిమ్మట బాన్, హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయములలో ఆచార్యుడై ధ్వనిశాస్త్రమున పరిశోధనలు సాగించెను.

తంత్రిని మీటినప్పుడు అది మొత్తముగా కంపించుటయే గాక, అదే సమయమున సగములుగను, మూడవ భాగములుగను, నాలుగవ భాగములుగను కూడ కంపించును. మొత్తము తంత్రి యొక్క కంపనము మూలస్వరము నిచ్చును. భాగముల కంపనములు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపనసంఖ్య గల సన్నని ఉపస్వరముల నిచ్చును. మామూలు చెవికి ఇవన్నియు కలిసి ఒకే నాదముగా వినబడును. వీనిని విడివిడిగా వినుటకై హెల్మ్‌హోల్ట్జ్ బోలుగా నున్న గోళములను చేయించెను. ప్రతి గోళమునకు రెండు రంధ్రములు. పెద్దది గాలివైపు, చిన్నది చెవిలో. ఒక్కొక్క గోళము తన పరిమాణమునకు తగిన ఒకే స్వరమునకు బదులు పలుకును. ఈ విధముగా ఆయన నాదమునందలి ఉపస్వరములను ఒక్కొక్కటిగా ఏరి, ఏ ఉపస్వరము ఎంత బలముగా నున్నదను దానిమీదనే ధ్వనిగుణము ఆధారపడునని నిశ్చయించెను.

కాని విడదీసినంత మాత్రమున నిరూపణము పూర్తి కాదు. ఆ భాగములనే చేర్చినచో అదే నాదము తిరిగి రావలెను. ఈ పరీక్షకు హెల్మ్‌హోల్ట్జ్ మానవకంఠములోని అచ్చులను ఎన్నుకొనెను. బవేరియా రాజైన రెండవ మాక్సిమిలియన్ యంత్రమునకు ధనసహాయము చేసెను. ఎనిమిది శ్రుతిదండములను విద్యుదయస్కాంతములతో ఎడతెగక కంపింపజేసి, ఒక్కొక్కదాని ముందు ఒక అనునాదపాత్ర నుంచిరి. పాత్రల మూతులకు మూతలు, మూతలకు దారములు, దారముల చివర మెట్లు. మెట్టును ఎంత నొక్కిన మూత అంత తెరచుకొనును; స్వరము అంత బలముగా వినబడును. అట్టడుగు స్వరమొక్కటే మ్రోగినప్పుడు ‘ఊ’ వంటి ధ్వని వచ్చెను. పై స్వరములకు బలము చేర్చగా అది ‘ఓ’ అయ్యెను. ఇంకను పైవానిని హెచ్చింపగా ‘ఆ’ను పోలిన ధ్వని కలిగెను. ‘ఈ’ మాత్రము సులభముగా లొంగలేదు. దానికి కావలసినంత హెచ్చు స్వరములు ఆ దండములలో లేవు.

ఈ కృషి జరుగుచున్న 1859లోనే ఆయన తండ్రి మరణించెను. ఆ సంవత్సరాంతమున భార్య ఓల్గా కన్నుమూసెను. చిన్నబిడ్డల భారము మీదపడినను హెల్మ్‌హోల్ట్జ్ పరిశోధనను విడువలేదు. 1863లో తన ఫలితములన్నిటిని గొప్ప గ్రంథముగా ప్రచురించెను.

ఆ పనినిగూర్చి తెలిసికొన్న గ్రాహంబెల్, జర్మను భాష చక్కగా రానందున, అచ్చులు తీగద్వారా పంపబడినవని పొరబడెను. ఆ పొరపాటే ఆయనను 1876 నాటి టెలిఫోనువైపు నడపినది. విశాఖపట్టణమున బాల్యము గడపిన చంద్రశేఖర వేంకట రామన్ ఈ గ్రంథమును చదివి ప్రభావితుడై, తరువాత మృదంగ, తబలాల ఉపస్వరములను పరిశోధించెను.

నేడు కంప్యూటరు తెరమీది సింథసైజరులో అట్టి మెట్లే వేరు రూపమున గలవు. ఒక జారుమీట ఉపస్వరముల బలమును నిర్ణయించును. ఫిల్టరు కొన్నిటిని అణచి, కొన్నిటిని హెచ్చించును. డిస్టార్షన్ అను ప్రక్రియ నాదరూపమును వంచి క్రొత్త ఉపస్వరములను పుట్టించును. కనుక ఫిల్టరును దానికి వెనుక నుంచినచో ఆ క్రొత్తవి అణగును. ముందుంచినచో అవి అట్లే నిలుచును. అమరికలో వరుస మారిన నాదము మారును. వాడువారికి ఉపస్వరముల తత్త్వము తెలిసియున్న గాని ఈ మీటలు గ్రుడ్డివాని చేతి దివ్వెలే.

1871లో హెల్మ్‌హోల్ట్జ్ బెర్లినులో భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. బాల్యమున అందని శాస్త్రము ఏబదవ యేట ఆయన పీఠమైనది. 1893లో అమెరికానుండి తిరిగి వచ్చుచు ఓడలో పడి గాయపడెను. 1894 సెప్టెంబరు 8వ తేదీన మరణించెను. ఒక వస్తువును విడదీయుట సగము జ్ఞానమే. విడదీసిన దానిని తిరిగి కూర్చి చూపినప్పుడే అది సంపూర్ణమగునని ఆయన జీవితము బోధించుచున్నది.