వెల కట్టని అక్షరాలు: సాదిఖైన్ జీవితం

నంద్యాలలో ఒకప్పుడు షాపుల బోర్డులు చేత్తోనే రాసేవాళ్ళు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ బ్రష్షులు చాలావరకు మూలన పడ్డాయి. ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గర మాత్రం ఇప్పటికీ చేతి గీతకు విలువ ఉంది. ముందు రాతి మీద గీత గీసుకుంటారు, ఆ తర్వాతే ఉలి పెడతారు. ఈ మధ్య మన పిల్లల్లో కొందరు కలం, మార్కర్ పట్టుకుని పేర్లు, ఆయతులు రకరకాలుగా రాసి చూస్తున్నారు. అలాంటి పిల్లలకు ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే. దీనివల్ల ఏమొస్తుంది?

ఆ ప్రశ్నకు జవాబు వెతకాలంటే సాదిఖైన్ జీవితం చూడాలి. ఆయన పాకిస్తాన్ చిత్రకారుడిగా ప్రపంచానికి తెలుసు. పుట్టింది మాత్రం మన దేశంలోనే. చేతి పని ఒకటి మన హైదరాబాద్‌లోనూ చేసి వెళ్ళారు.

సయ్యద్ సాదిఖైన్ అహ్మద్ నఖ్వీ 1930లో ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో పుట్టారు. ఆ ఇంట్లో ఖత్తాతీ, అంటే అందంగా రాసే కళ, తాతల నాటి నుంచే ఉంది. ఆగ్రా యూనివర్సిటీలో బి.ఏ. చదివారు. కొంతకాలం ఆలిండియా రేడియోలో రాత పని చేశారు. దేశ విభజన తర్వాత కరాచీ చేరారు.

అక్కడ మొదట్లో ఆయన్ను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1950లలో హుసేన్ షహీద్ సుహ్రవర్దీ ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. ఆ సుహ్రవర్దీ 1956లో పాకిస్తాన్ ప్రధాని అయ్యారు. 1961లో పారిస్ బియెన్నాలేలో సాదిఖైన్‌కు అవార్డు వచ్చింది. ఫ్రెంచ్ రచయిత ఆల్బర్ట్ కామూ నవలకు బొమ్మలు వేసే అవకాశం కూడా దక్కింది. అక్కడే ఉండి బొమ్మలు అమ్ముకుంటే హాయిగా బతికేవారు. కానీ ఆయన తిరిగి వచ్చేశారు.

ఆయన అక్షరాల వెనక ఒక మొక్క ఉంది. పారిస్ వెళ్ళక ముందు కరాచీకి దగ్గర్లో ఉన్న గడానీ సముద్ర తీరంలో కొన్నాళ్ళు గడిపారు. ఇసుక, ఎండ, ఉప్పు గాలి. వాటి మధ్య ఏ సాయమూ లేకుండా నిటారుగా పెరిగే జెముడు మొక్కలు ఆయన్ను పట్టుకున్నాయి. ఆ ముళ్ళ కొమ్మల్లో ఆయనకు కూఫీ లిపి కనిపించింది. అప్పటినుంచి ఆయన గీసే మనుషులు, ఊళ్ళు, అక్షరాలు అన్నీ ఆ మొక్క ఆకారంలోకి మారుతూ వచ్చాయి.

1969లో గాలిబ్ చనిపోయి వందేళ్ళయిన సందర్భంగా ఆయన కవిత్వానికి బొమ్మలు వేశారు. ఆ దగ్గర్లోనే ఖుర్ఆన్ ఆయతుల మీద పని మొదలుపెట్టారు. సూరె రహ్మాన్ ఆయన ఎక్కువగా తీసుకున్నది. ఆ సూరాలో 78 ఆయతులు ఉంటే అందులో ఒకే ఆయత్ 31 సార్లు వస్తుంది. చదివేవాళ్ళకు అది వినసొంపు. రాసేవాడికి మాత్రం పరీక్ష. అదే మాటను మళ్ళీ మళ్ళీ రాస్తూ ప్రతిసారీ కొత్తగా కనిపించేలా చేయాలి.

సంప్రదాయ ఖత్తాతీలో కొలతలు గట్టిగా ఉంటాయి. కలం మొనను ఏటవాలుగా కోసి, దానితో పెట్టిన చుక్కనే కొలబద్దగా తీసుకుంటారు. దాన్ని నుఖ్తా అంటారు. అలిఫ్ ఎన్ని నుఖ్తాల ఎత్తు ఉండాలో, బే ఎంత వెడల్పు సాగాలో లెక్క ఉంటుంది. సాదిఖైన్ ఆ లెక్క ఇంట్లోనే నేర్చుకున్నారు, తర్వాత దాటారు. అక్షరాన్ని ఆకుగా, పడవగా, మంటగా సాగదీశారు. రాతకు రంగు కలిపారు, వెనక దృశ్యం పెట్టారు. పాత పద్ధతి ఉస్తాదులు కొందరికి ఇది నచ్చలేదు. కానీ చూసేవాళ్ళు దాన్ని చూడగానే గుర్తుపట్టేవాళ్ళు. చివరికి దానికి ఖత్తె సాదిఖైనీ అనే పేరే వచ్చింది.

గోడలంటే ఆయనకు ఇష్టం. కరాచీలో స్టేట్ బ్యాంక్ గోడ మీద, లాహోర్ మ్యూజియం పైకప్పు మీద వేశారు. 1967లో మంగ్లా డ్యామ్ దగ్గర వేసిన చిత్రం 200 అడుగుల పొడవు, 30 అడుగుల ఎత్తు. దాని విషయం కూలీల శ్రమ. గోడ మీద బొమ్మను ఎవరూ ఇంటికి పట్టుకుపోలేరు. అక్కడికి వచ్చిన ప్రతివాళ్ళూ చూడొచ్చు. ఆయనకు కావలసింది అదే. కాన్వాసులు కూడా అమ్మింది చాలా తక్కువ, ఇచ్చేసింది చాలా ఎక్కువ. అడిగినవాళ్ళకు, స్నేహితులకు, సంస్థలకు ఊరికే ఇచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. కూడబెట్టినదీ లేదు. రాత్రుళ్ళు రుబాయీలు రాసుకునేవారు, అవి కూడా వందల సంఖ్యలో.

1981లో ఆయన భారత్ వచ్చారు. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో, బనారస్ హిందూ యూనివర్సిటీలో గోడచిత్రాలు వేశారు. ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇస్లామిక్ స్టడీస్ కోసం అల్లాహ్ 99 పేర్లు, అస్మాయె హుస్నా, రాశారు. హైదరాబాద్ వచ్చినప్పుడు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో గోడ మీద చిత్రం వేశారు. ముస్లిం యూనివర్సిటీ, హిందూ యూనివర్సిటీ, భూమి లోపలి సంగతులు పరిశోధించే సంస్థ, మూడూ ఆయనకు ఒకటే. రెండు దేశాల మధ్య వీసాకే కష్టమైన రోజుల్లో, వదిలి వెళ్ళిన దేశానికి ఆయన ఇచ్చుకున్న కానుకలివి.

ఆ ఏడాదే ఇంకో మార్పు జరిగింది. పాకిస్తాన్‌లో అహ్మద్ మీర్జా జమీల్ వేలాది అక్షరాల కలయికలు చేత్తో రాసి నూరీ నస్తలీఖ్ అనే కంప్యూటర్ లిపిని తయారు చేశారు. 1981లో లాహోర్ జంగ్ పత్రిక దాన్ని వాడటం మొదలుపెట్టింది. అంతవరకు ఉర్దూ పత్రిక ప్రతి పేజీ కాతిబ్ చేత్తో రాయాల్సిందే. ఆ తర్వాత ఒక్కో ఊళ్ళో, ఒక్కో పత్రికలో కాతిబ్‌ల కుర్చీలు ఖాళీ అయ్యాయి. 1927 నుంచి వస్తున్న చెన్నైలోని ది ముసల్మాన్ లాంటిది ఏదో ఒకటి చేతి రాతతో నిలబడింది. ఉద్యోగంగా ఖత్తాతీ ముగుస్తున్న సమయానికి, ఉద్యోగం కాకపోయినా ఖత్తాతీ బతుకుతుందని సాదిఖైన్ అప్పటికే చేసి చూపించారు.

దానికి ఆయన చెల్లించింది తక్కువేమీ కాదు. ఏళ్ళ తరబడి కలం, బ్రష్ పట్టి వేళ్ళు వంకరపోయాయి. తన బొమ్మ తాను గీసుకున్నప్పుడు ఆ పొడవాటి వంకర వేళ్ళను దాచలేదు, ఇంకా పెద్దవిగా చూపించారు. చివరి రోజుల్లో కరాచీ ఫ్రియర్ హాల్ పైకప్పు మీద భూమి, ఆకాశాల చిత్రం మొదలుపెట్టారు. అది పూర్తికాలేదు. 1987 ఫిబ్రవరి 10న కన్నుమూశారు. ఆ సగం పైకప్పు అలాగే ఉంది, కింది హాలుకు ఆయన పేరు పెట్టారు.

ఆయన ఊరికే ఇచ్చిన బొమ్మలకు ఇప్పుడు వేలంలో పెద్ద ధరలు పలుకుతున్నాయి. నకిలీలు కూడా తయారయ్యాయి. ఆ డబ్బులో ఆయనకు రూపాయి రాలేదు. జమాఖర్చు పుస్తకంలో చూస్తే ఇది నష్టమే. కానీ నంద్యాలలో అయినా, ఆళ్ళగడ్డలో అయినా, కలం పట్టిన పిల్లలు ఫోన్‌లో ఉర్దూ ఖత్తాతీ అని వెతికితే ఆయన అక్షరాలు తప్పకుండా ఎదురవుతాయి. వాటిని చూసి అలాగే దించడం కన్నా, ఆయన మొదలుపెట్టిన చోటే మొదలుపెట్టడం మంచిది. ముందు నుఖ్తా, తర్వాత అలిఫ్. కొలత చేతికి వచ్చాక, తమ ఊరి చుట్టూ ఉన్న ఏ మొక్కలో, ఏ రాతిలో అక్షరం కనిపిస్తుందో వాళ్ళే వెతుక్కోవాలి.