గుల్లలలో సముద్రాన్ని చదివిన స్టీఫెన్ హిస్లాప్

మా కలువాయి నుండి పడమటికి చూస్తే వెలిగొండల వరుస కానవస్తుంది. ఒకనాడు జలగర్భంలో పేరుకున్న ఇసుక, బురదలే ఆ కొండలలో రాళ్ళైనాయి. అయినను వాటిలో ఒక్క నత్తగుల్లయైనా దొరకదు. ఆ శిలల వయస్సు నూరు కోట్ల సంవత్సరాలకు పైమాట. గుల్లలు గల జీవులు పుట్టి సుమారు 54 కోట్ల సంవత్సరాలే అయినది. గుల్లల సాక్ష్యం కావాలంటే మనము గోదావరి తీరానికి పోవాలి. ఆ సాక్ష్యాన్ని శాస్త్రలోకానికి విన్నవించినవారిలో స్టీఫెన్ హిస్లాప్ ముఖ్యులు.

ఎడారిలో బావులు త్రవ్వినప్పుడు బయటపడే గవ్వలు పూర్వసముద్రానికి గుర్తులని పదకొండవ శతాబ్దంలోనే అల్‌బెరూనీ గ్రహించాడు. గుల్లను బట్టి అది ఏ నీటిదో నిర్ణయించే పనిని మన దేశంలో చేపట్టిన తొలితరంవారిలో హిస్లాప్ ఒకరు.

ఆయన 1817 సెప్టెంబరు 8న స్కాట్లండులోని డన్స్ పట్టణంలో జన్మించారు. మతబోధకులుగా 1845లో నాగపూరు చేరి పాఠశాల స్థాపించారు. తీరిక వేళలలో రాళ్ళను పరిశీలించడం ఆయన అలవాటు. 1851లో సహచరుడు రాబర్ట్ హంటరుతో కలిసి నాగపూరు పరిసరాలలో నల్లరాతి పొరల మధ్య శిలాజాలను కనుగొన్నారు. లావా ఒకసారి పొంగి చల్లారి, మరల పొంగేలోపల ఏర్పడిన చెరువుల అడుగుమట్టి అది. అందులో ఫైసా మొదలైన మంచినీటి నత్తలే అధికం.

రాజమండ్రి దగ్గరి కాటేరు మొదలైన చోట్ల లభించిన గుల్లలను కూడా ఆయన పరిశీలించి, 1860లో లండను భూగర్భశాస్త్ర సంఘం పత్రికలో వర్ణించారు. ఇక్కడి కథ వేరు. మంచినీటి నత్తలతోపాటు, ఉప్పునీటిలో బ్రతికే సెరీథియం వంటి గుల్లలు, చిప్పలు కనిపించాయి. నేడు సజీవంగా ఉన్న వాటి బంధువులు ఏ నీటిలో నివసిస్తున్నాయో పోల్చి చూడడమే ఇందులోని కీలకం. తీపినీరు, ఉప్పునీరు కలిసే నదీముఖాలలో, ఉప్పుటేళ్ళలో ఇట్టి కలయిక సహజం. నేడు సముద్రానికి సుమారు 50 కిలోమీటర్ల లోపలనున్న కాటేరు ఒకనాడు కడలి అంచు అన్నమాట! ఇంచుమించు ఆరున్నర కోట్ల సంవత్సరాల నాటిదని నేటి శాస్త్రజ్ఞులు నిర్ణయించిన ఆ పొరలలో, కంటికానని సముద్రజీవుల శిలాజాలు కూడా తరువాతి కాలంలో దొరికి, ఆ నిర్ణయానికి బలం చేకూర్చాయి.

అమరావతి శిల్పాలను వెలికితీసిన వాల్టర్ ఎలియట్ పేరు ఆ చిప్పలలో ఒకదాని శాస్త్రీయ నామంలో నిలిచియున్నది. ఇతరులు సేకరించి, దొరికిన చోటు తెలిపినందువల్లనే హిస్లాప్ కృషి ఫలించింది.

1863 సెప్టెంబరు 4న టాకల్‌ఘాట్ వద్ద ప్రాచీన శిలావలయాలను పరిశీలించి తిరిగివస్తూ, పొంగిన వాగును దాటబోయి ఆయన మరణించారు. నలుబదియారవ ఏడు నిండుటకు నాలుగు దినములే తక్కువ. నాగపూరులోని హిస్లాప్ కళాశాల ఆయన పేరనే వెలసింది.

నేడు గోదావరి ఒడ్డున ఆ నల్లరాతిని కంకర కొరకు పగులగొడుతున్నారు. క్వారీ త్రవ్వకమే గుల్లల పొరను బయటపెడుతుంది. ఆ త్రవ్వకమే దానిని పొడి చేస్తుంది. పొర నుండి విడివడి, ఊరు పేరు లేక మిగిలిన గుల్ల వట్టి బొమ్మ. కావున విద్యార్థి సోదరులు ఎక్కడైనా వింత రాయి కంటబడితే, చేతికి తీసుకొనుటకు ముందే ఆ చోటును, పొరను కాగితంపై వ్రాసికొందురు గాక. హిస్లాప్ స్మృతికి మేము కోరే నివాళి అదే.