ఎర్ర కప్పుల ఊరు గీసిన పిస్సారో

కామిల్ పిస్సారో 1830 జూలై 10న కరిబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో పుట్టినాడు. తండ్రికి దుకాణం ఉండేది. కొడుకు వ్యాపారం చూసుకోవాలని ఆయన కోరిక. పిస్సారోకి మాత్రం బొమ్మలంటేనే ప్రాణం. 1855లో ఫ్రాన్సు దేశం పోయి అక్కడే ఉండిపోయినాడు.

ఆ కాలంలో పేరున్న చిత్రకారులు గదిలో కూర్చొని రాజులను, దేవతలను, యుద్ధాలను వేసేవారు. పిస్సారో పొలం గట్టుకు పోయి ఎదురుగా కనబడే ఊరిని వేసేవాడు. వాళ్లమ్మ దగ్గర వంటపని చేసే జూలీ అనే పల్లెటూరి పిల్లను ఇష్టపడినాడు. ఇంట్లో ఒప్పుకోలేదు. అయినా ఆమెతోనే బతికినాడు.

1870లో యుద్ధం వచ్చింది. లూవెసియెన్ అనే ఊరిలో ఇల్లు, బొమ్మలు అన్నీ వదిలి పిల్లలతో లండన్ వెళ్లినారు. అక్కడే 1871లో పెళ్లి చేసుకున్నారు. తిరిగి వచ్చి చూస్తే సుమారు 1500 బొమ్మల్లో 40 మాత్రమే మిగిలినాయి. సైనికులు బురద అంటకుండా వాటిని నేల మీద పరిచి తొక్కినారంట. ఇరవై ఏళ్ల పని! అది చదివి నేను పుస్తకం మూసేసినాను, మళ్లీ కొంచెంసేపటికి తెరిచినాను. ఆయన ఏం చేసినాడంటే, పొంత్వాజ్ అనే ఊరికి పోయి మళ్లీ మొదటి నుంచి వేయడం మొదలుపెట్టినాడు.

1877లో వేసిన 'ఎర్ర కప్పులు' బొమ్మ అక్కడిదే. చలికాలం. ముందర ఆకుల్లేని చెట్లు, వాటి సందుల్లోంచి ఇళ్లు, వెనక గుట్ట. మనిషి ఒక్కడు కూడా లేడు. మా గూడెంలో కూడా టేకాకు రాలినాకనే అవతలి ఇళ్లు కనబడతాయి. కప్పుల ఎరుపు ఒక్క కప్పుల మీదనే లేదు. చిన్న చిన్న చుక్కల్లాగ మట్టిలో, పొదల్లో కూడా పెట్టినాడు. దగ్గర నుంచి చూస్తే రంగుల ముద్దలే, దూరం జరిగితే ఊరు.

ఇలా వేసేవాళ్లను ఇంప్రెషనిస్టులు అన్నారు. మొదట్లో జనం నవ్వినారు. 1874 నుంచి 1886 వరకు వాళ్లు పెట్టిన 8 ప్రదర్శనల్లోనూ బొమ్మలు పెట్టింది పిస్సారో ఒక్కడే.

బొమ్మలు సరిగా అమ్ముడుపోయేవి కావు. పిల్లలేమో ఎనిమిది మంది. ఇల్లు ఎట్లా గడిచిందో అదంతా జూలీకే తెలుసు. 1892లో ఎరాన్యీలో ఇల్లు కొనడానికి మోనే అనే చిత్రకారుడు అప్పిచ్చినాడు. ఆ అప్పు అడగడానికి పోయింది కూడా జూలీనే. పిస్సారో గురించి రాసేవాళ్లు ఆమె గురించి ఇంకా కొంచెం రాయాల్సింది.

ముసలితనంలో కంటిజబ్బు వచ్చి బయట గాలిలో నిలబడలేకపోయినాడు. కిటికీ వెనక కూర్చొని పట్నం వీధులు వేసినాడు. 1903 నవంబరు 13న ప్యారిస్‌లో చనిపోయినాడు. ఎర్ర కప్పుల బొమ్మ ఇప్పుడు ఆ పట్నంలోనే ఓర్సే మ్యూజియంలో ఉంది.