జాన్ స్కాట్ హాల్డేన్

జాన్ స్కాట్ హాల్డేన్ (1860 మే – 1936 మార్చి) స్కాట్లండుకు చెందిన ప్రముఖ శరీరధర్మ శాస్త్రవేత్త, వైద్యుడు. మూసిన గదులలోను, బొగ్గు గనులలోను, సముద్ర గర్భంలోను, పర్వత శిఖరాలపైన మనిషి పీల్చే గాలిని కొలిచి, దాని ప్రభావాన్ని తన శరీరం మీదనే పరీక్షించుకున్న పరిశోధకునిగా ఈయన ప్రసిద్ధి చెందాడు. గాలిలోని ఆక్సిజన్‌ను కచ్చితంగా కొలవటానికి ఈయన రూపొందించిన పరికరం అనేక దశాబ్దాల పాటు ప్రయోగశాలలకు ప్రమాణంగా నిలిచింది. ప్రముఖ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఈయన కుమారుడు.

బాల్యం, విద్య

హాల్డేన్ ఎడిన్‌బరోలో జన్మించాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం చదివి 1884లో పట్టభద్రుడయ్యాడు. తరువాత డండీ నగరంలో పనిచేస్తూ పేదల ఇళ్ళలో, పాఠశాలల్లో గాలి ఎంత చెడిపోయి ఉందో పరిశీలించే కార్యక్రమంలో పాల్గొన్నాడు. రాత్రివేళ కిక్కిరిసిన గదులకు వెళ్ళి గాలి నమూనాలు సేకరించేవారు. 1887లో ఆక్స్‌ఫర్డ్ చేరాడు. అక్కడ ఈయన మేనమామ జాన్ బర్డన్ శాండర్సన్ శరీరధర్మ శాస్త్ర ఆచార్యునిగా ఉండేవాడు. 1891లో లూయిసా కాథ్లీన్ ట్రాటర్‌ను వివాహమాడాడు.

మూసిన గదిలో ప్రయోగాలు

మనిషి విడిచిన గాలిలో ఏదో సేంద్రియ విషం ఉంటుందనీ, అందువల్లనే ఇరుకు గదులలో ఊపిరాడదనీ ఆ రోజుల్లో కొందరు శాస్త్రవేత్తలు నమ్మేవారు. దీనిని తేల్చడానికి హాల్డేన్, జేమ్స్ లొరెయిన్ స్మిత్‌తో కలిసి గాలి చొరబడని ఒక చిన్న గదిని ఏర్పాటు చేశాడు. అందులో గంటల తరబడి మనిషి కూర్చోగా, మధ్యమధ్యన లోపలి గాలిని తీసి విశ్లేషించారు. విషం జాడ ఏదీ కనిపించలేదు. ఆయాసానికి ముఖ్యకారణం పెరిగిన కార్బన్ డై ఆక్సైడు అని తేలింది. ఆ వాయువును రసాయనాలతో తొలగించినప్పుడు, ఆక్సిజన్ బాగా తగ్గేవరకు మనిషికి పెద్దగా ఇబ్బంది తెలియలేదు. ఆక్సిజన్ లోపం హెచ్చరించకుండా వస్తుందనీ, కనుక మనిషి అనుభూతిని కాక కొలతనే నమ్మాలనీ ఈ ప్రయోగాల వల్ల స్పష్టమైంది. ఈ ఫలితాలు 1893లో వెలువడ్డాయి.

బొగ్గు గనులలో

1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు సంభవించింది. మృతులను పరిశీలించిన హాల్డేన్, వారిలో అత్యధికులు పేలుడు దెబ్బకు కాక కార్బన్ మోనాక్సైడు విషానికి బలి అయ్యారని నిరూపించాడు. అంతకు ముందే ఆ వాయువును స్వయంగా పీల్చి, తన రక్తంలో కలిగిన మార్పును కొలుచుకున్నాడు. మనిషి కంటే వేగంగా శ్వాసించే చిన్న ప్రాణులపై ఈ విషం ముందుగా పనిచేస్తుంది కాబట్టి, ఎలుకలను గానీ కేనరీ పక్షులను గానీ గనిలోకి తీసుకువెళ్ళాలని సూచించాడు. బ్రిటిష్ గనులలో పక్షుల స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలను ప్రవేశపెట్టాలన్న నిర్ణయం 1986లో గానీ వెలువడలేదు.

ఆక్సిజన్ కొలత

హాల్డేన్ వాయు విశ్లేషణ పరికరం 1898లో ప్రకటితమైంది. ఇందులో కొలతగీతలున్న గాజు బ్యూరెట్‌లోకి పాదరసం సాయంతో గాలి నమూనాను తీసుకుంటారు. దానిని మొదట పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణంలోకి పంపితే కార్బన్ డై ఆక్సైడు ఇంకిపోతుంది. తరువాత క్షార పైరోగాలాల్ ద్రావణంలోకి పంపితే ఆక్సిజన్ ఇంకిపోతుంది. ప్రతిసారి తగ్గిన ఘనపరిమాణమే ఆయా వాయువుల కొలత. మిగిలినది ప్రధానంగా నైట్రోజన్.

ఉష్ణోగ్రత కొద్దిగా మారినా ఘనపరిమాణం మారి లెక్క తప్పుతుంది. అందువల్ల బ్యూరెట్ పక్కనే, అదే నీటి తొట్టిలో, మరొక గొట్టాన్ని అమర్చి దానితో సరిచూసేవారు. నీటి ఆవిరి వల్ల తేడా రాకుండా బ్యూరెట్ లోపలి గోడలను ఎల్లప్పుడూ తడిగా ఉంచేవారు. పరికరం సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఆరుబయటి గాలినే పరీక్షించేవారు. హాల్డేన్ లెక్క ప్రకారం పొడి గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం. ఈ అంకె రాకపోతే ద్రావణం బలం తగ్గిందనో, గొట్టాలు కారుతున్నాయనో గ్రహించేవారు. బయటి గాలిలో ఆక్సిజన్ శాతం దాదాపు స్థిరమని అమెరికా శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ 1912లో విస్తృత పరీక్షలతో నిర్ధారించాడు.

ఈనాటి ఆక్సిజన్ సెన్సార్ల క్రమాంకనం కూడా ఇదే సూత్రం మీద ఆధారపడింది. లేలాండ్ క్లార్క్ 1956లో ప్రకటించిన ఎలక్ట్రోడు వంటి సాధనాలు విద్యుత్ సంకేతాన్ని మాత్రమే ఇస్తాయి. స్వచ్ఛమైన నైట్రోజన్‌లో ఉంచి సున్నాను, గాలిలో ఉంచి రెండవ బిందువును నిర్ణయిస్తేనే ఆ సంకేతానికి అర్థం ఏర్పడుతుంది. తేమ లెక్క ఇక్కడా తప్పదు. 760 మి.మీ. పీడనం వద్ద పొడి గాలిలో ఆక్సిజన్ పాక్షిక పీడనం సుమారు 159 మి.మీ. కాగా, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి ఆవిరితో నిండిన గదిలో అది 149 మి.మీ. మాత్రమే. ఈ తేడాను మరచి సరిచేసిన సెన్సారు ప్రయోగం పొడుగునా తప్పు చూపుతుంది.

శ్వాసక్రియ, సముద్ర గర్భం

శ్వాసవేగాన్ని ప్రధానంగా నియంత్రించేది రక్తంలోని కార్బన్ డై ఆక్సైడు అని 1905లో జె.జి. ప్రీస్ట్‌లీతో కలిసి నిరూపించాడు. బ్రిటిష్ నౌకాదళం కోసం ఉక్కు పీడన గదిలో మేకలపై ప్రయోగాలు చేసి, లోతు నుండి ఈతగాళ్ళు దశలవారీగా పైకి రావలసిన పట్టికలను 1908లో బాయికాట్, డామంట్‌లతో కలిసి ప్రచురించాడు.

ఆక్సిజన్ స్రావ వివాదం

ఊపిరితిత్తులు అవసరమైనప్పుడు ఆక్సిజన్‌ను చురుకుగా రక్తంలోకి స్రవిస్తాయని హాల్డేన్ నమ్మాడు. ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని నేరుగా కాక, కార్బన్ మోనాక్సైడు ద్వారా పరోక్షంగా లెక్కగట్టడం ఈ నమ్మకానికి ఆధారమైంది. 1910లో ఆగస్ట్ క్రో, మేరీ క్రో దంపతులు ఆక్సిజన్ కేవలం వ్యాపనం వల్లనే రక్తంలో చేరుతుందని చూపారు. 1911లో కొలరాడోలోని సుమారు 4,300 మీటర్ల ఎత్తైన పైక్స్ శిఖరంపై సహచరులతో ఐదు వారాలు గడిపిన హాల్డేన్, ఎత్తైన చోట్ల స్రావం జరుగుతుందని వాదించాడు. 1920లో కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ ఆక్సిజన్ తగ్గించిన గాజు గదిలో ఆరు రోజులు నివసించి, తన ధమని నుండి నేరుగా రక్తం తీయించి పరీక్షించాడు. స్రావం కనిపించలేదు. అయినా హాల్డేన్ తన అభిప్రాయాన్ని చివరివరకు విడువలేదు. గాలి కొలతలో ప్రతి అంకెను తెలిసిన ప్రమాణంతో సరిచూసిన ఈ శాస్త్రవేత్త, రక్తం విషయంలో అటువంటి ప్రమాణం లేని పద్ధతిని నమ్మి పొరబడ్డాడు.

చివరి దశ, గౌరవాలు

1915లో యుద్ధరంగంలో జర్మన్లు ప్రయోగించిన విషవాయువు క్లోరిన్ అని గుర్తించిన వారిలో హాల్డేన్ ఒకడు. ఆ వాయువుకు గురైన సైనికులకు ఆక్సిజన్ చికిత్స అందించే పరికరాన్ని కూడా రూపొందించాడు. 1897లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికైన ఈయనకు 1934లో ఆ సంస్థ కోప్లీ పతకం లభించింది. 1936 మార్చిలో ఆక్స్‌ఫర్డ్‌లో మరణించాడు.

కుటుంబం, ఆంధ్రతో సంబంధం

ఈయన కుమార్తె నవోమీ మిచిసన్ ప్రసిద్ధ రచయిత్రి. కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ బాల్యం నుండి తండ్రి ప్రయోగాలలో పాలుపంచుకున్నాడు. అతడు 1957లో భారతదేశానికి వచ్చి, తరువాత ఇక్కడి పౌరసత్వం స్వీకరించి, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. అతని కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. తన దేహాన్నే ప్రయోగశాలగా చేసుకున్న తండ్రి సంప్రదాయం ఆ విధంగా ఆంధ్ర వైద్య విద్యార్థుల వరకు చేరింది.