పిచ్చుక పేరు అడిగిన పిల్లవాడు



మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో మీ బాల్కనీకి పావురాల వల కట్టించే ఉంటారు. ఆ వల అవతల వాలిన పిట్టను చూపించి, అదేం పిట్ట అని మీ పాప ఎప్పుడైనా అడిగిందా? నవంబర్ 12 సలీం అలీ గారి పుట్టినరోజు. ఆ రోజును మన దేశంలో పక్షుల వీక్షణ దినంగా జరుపుకుంటాం. ఆయన జీవితం మలుపు తిరిగింది సరిగ్గా అలాంటి ప్రశ్న దగ్గరే.

1896లో ముంబైలో పుట్టిన సలీంకు ఊహ తెలిసేలోపే తల్లీ తండ్రీ పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ పెంచారు. ఆయనకు వేట సరదా. మేనల్లుడికీ ఒక ఎయిర్‌గన్ కొనిచ్చారు. అవును, దేశానికి పక్షుల్ని పరిచయం చేసిన మనిషి పక్షుల్ని కొట్టడంతోనే మొదలుపెట్టాడు! ఒకరోజు కిందపడిన పిచ్చుకకు గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిచ్చుకని అడిగితే మామయ్యకూ తెలియలేదు. తెలియదని ఊరుకోకుండా, తెలిసినవారి దగ్గరికి పంపారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిట్టను గుర్తుపట్టి, సొరుగుల్లో భద్రపరిచిన పక్షులన్నిటినీ చూపించారు, చదువుకోవడానికి పుస్తకాలిచ్చారు. ఇద్దరు పెద్దవాళ్లు ఒక పిల్లవాడి ప్రశ్న కోసం కాస్త తీరిక చేసుకున్నారు, అంతే.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందనుకోకండి. సలీంకు లెక్కలంటే గుండెదడ. మెట్రిక్ అతికష్టం మీద గట్టెక్కినా, కాలేజీలో లాగరిథమ్స్ దగ్గర చేతులెత్తేశాడు. బర్మా వెళ్లి కుటుంబ వ్యాపారం చూసుకున్నాడు, తిరిగొచ్చి కొంత జంతుశాస్త్రం చదువుకున్నాడు. డిగ్రీ లేకపోవడంతో ప్రభుత్వ పక్షిశాస్త్రవేత్త ఉద్యోగం రాలేదు. ముంబై మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరి, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి స్ట్రెస్మాన్ అనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర శిక్షణ పొందారు. 1930లో తిరిగొచ్చేసరికి, నిధుల్లేవని ఆ కొలువునే తీసేశారు. లేఆఫ్ అన్న మాట మన కారిడార్‌లో ఎవరికీ వివరించనక్కర్లేదు కదా!

భార్య తెహ్మీనాతో కలిసి సముద్రతీర గ్రామం కిహీంలో ఉంటూ ఆయన గిజిగాళ్లను గమనించారు. మగపక్షి గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తవుతుంది. ఆ పని కాగానే అదే మగపక్షి ఇంకో గూడు మొదలుపెట్టి, మరో జోడు కోసం చూస్తుంది. ఉద్యోగం లేని ఆ నెలల్లో బయటపడ్డ ఈ సంగతి శాస్త్రలోకంలో ఆయనకు పేరు తెచ్చింది.

తర్వాత ఆయన సంస్థానాలకు ఒక ప్రతిపాదన పెట్టారు. నాకు జీతం వద్దు, శిబిరం, ప్రయాణం ఖర్చులు భరిస్తే మీ రాజ్యంలోని పక్షులన్నిటినీ సర్వే చేస్తానని. అలా 1931–32లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో హైదరాబాద్ రాష్ట్రమంతా తిరిగారు. ఆ సర్వే ఫలితాలు సొసైటీ జర్నల్‌లో అచ్చయ్యాయి. 1939లో తెహ్మీనా కన్నుమూశారు. ఆ దెబ్బ తర్వాత ఆయన పూర్తిగా పక్షుల పనిలోనే మునిగిపోయారు. 1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం వచ్చింది. ఈనాటికీ అది దొరుకుతుంది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ మడుగులు అప్పట్లో మహారాజా సొంత వేటస్థలం. అక్కడి రాతిపలక మీద వేట లెక్కలు చెక్కి ఉంటాయి. 1938 నవంబర్ 12న, అంటే సలీం అలీ 42వ పుట్టినరోజున, వైస్రాయి బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నేలను పొలాలుగా మార్చాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు, నెహ్రూ దాకా వెళ్లి దాన్ని కాపాడినవారిలో ఈయన ముఖ్యులు. నేడది కేవలాదేవ్ జాతీయ పార్కు. ఆయన అన్నీ ఒప్పే చేశారని మాత్రం అనలేం. 1982లో అక్కడ పశువుల మేతను నిషేధించడాన్ని ఆయన సమర్థించారు. గేదెలు మేయకపోతే గడ్డి పెరిగి నీటిని కమ్మేస్తుందని, అది పక్షులకే చేటని తర్వాత తేలింది. తేల్చింది కూడా ఆయన సొంత సొసైటీ అధ్యయనమే!

1976లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆ రోజుల్లోనే అందిన అంతర్జాతీయ గెట్టీ బహుమతి సొమ్ములో ఎక్కువ భాగం సొసైటీకి ఇచ్చేశారు. 1987లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన ఊళ్లోనూ ఒకరి సొంతమైన అడవులు అందరివీ అయ్యాయి. వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం. హైటెక్ సిటీకి దగ్గర్లోని కేబీఆర్ పార్కు, నిజాం మనవడి చిరాన్ ప్యాలెస్ ఆవరణ. అక్కడ పొద్దున్నే వెళితే నెమళ్లు కనిపిస్తాయి. మియాపూర్ అవతల అమీన్‌పూర్ చెరువుకు చలికాలంలో వలస పక్షులు వస్తాయి. ఈ ఆదివారం పాపను తీసుకెళ్లండి. అదేం పిట్టని అడిగితే, తెలియకపోయినా ఫర్వాలేదు, మామయ్యకూ తెలియలేదుగా!